స్తమాతా దిగిన దారి

మా జాతికి మెట్లెక్కడం ఎంత తేలికో, దిగడం అంత గండం. నడుము పైన మనిషి, కింద గుర్రం. దిగేటప్పుడు బరువంతా ముందుకాళ్ల మీదికి తూలుతుంది. కాలు విరిగి బతికినవాళ్లు మాలో లేరు. అయినా పీలియన్ కొండ మీద మా పెద్దలు పెట్టిన ఆచారం చూడండి: మొగుడు పోయిన ఆడది నలభై రోజులు మేడగదిలో ఉండాలి. నలభయ్యో నాడు మరుదులు తట్టలతో మట్టి తెచ్చి, మెట్లు కప్పి, వాలుగా తొక్కి ఆమెను దింపాలి. దిగాక పుట్టింటికి పోయినా, మళ్లీ పెళ్లాడినా ఆమె ఇష్టం. మట్టి మాత్రం మరుదులే పోయాలి. బయటివాళ్లు పోస్తే ఆ ఇంటి పరువు తీసినట్టు.

మా పక్కింటి స్తమాతా ముప్ఫయ్యో ఏట మేడెక్కింది. పదకొండేళ్లు అక్కడే ఉండిపోయింది.

ఆమె నేసే ఉన్ని కంబళ్లకు కింది రేవుదాకా గిరాకీ. ఆ డబ్బు మరుదుల చేతికే పోయేది. అదే ఆమె ప్రాణం మీదికి తెచ్చింది.

"వానలు తగ్గనీ వదినా, తడిమట్టి జారుతుంది," అన్నాడు పెద్ద మరిది ద్రోసోస్. వేసవిలో అడిగితే చిన్నవాడు అర్గిరిస్, "పొడిమట్టి నిలవదు వదినా," అన్నాడు.

"నిలిచే మట్టి మీ అమ్మ మళ్లీ పుట్టి కనాలా?" అని పైనుంచి అరిచింది. ఇద్దరూ నవ్వుకుంటూ పోయారు, సిగ్గులేని వెధవలు.

గదిలో అటు పదడుగులు, ఇటు పదడుగులు. నడక లేక గిట్టలు పెరిగిపోతే పొయ్యిరాతికి అరగదీసుకునేది. పరుగు మరిచిపోతానేమోనని తెల్లారగానే ఉన్నచోటే కదం తొక్కేది. కింద నిద్రపోయే మరుదుల మీద సున్నం రాలేది. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషమే.

మాకు మనిషి కడుపుకి రొట్టె, గుర్రం కడుపుకి గడ్డి, రెండూ పడాలి. మరుదులు గడ్డి ఒక్కటే వేసేవారు. అందుకని ఆదివారం ఆదివారం నేను కింద నిలబడి, ఆమె తాడుతో దించిన బుట్టలో బార్లీ రొట్టె, ఆలివ్ కాయలు పెట్టేదాన్ని.

"ఏమే గరుఫాలియా, చెస్ట్‌నట్ కాయలు రాలాయా?"

"రాలాయక్కా."

"తొక్కితే ఎలా చప్పుడవుతుందే? మరిచిపోయాను."

నాకు ఏడుపొచ్చేది. ఏడ్చి, ఇంటికెళ్లి నిబ్బరంగా రొట్టె తినేదాన్ని.

లద్ది, తడిసిన గడ్డి ఆమె గుమ్మంలోంచి మెట్ల మీదికి తోసేది. ఏటా ఆకులు రాలే రోజుల్లో మరుదులు దాన్ని ఆపిల్ తోటకు ఎరువుగా ఎత్తుకుపోయేవారు. పదో ఏట తోట పంపకం దగ్గర అన్నదమ్ములకు చెడింది.

"నా ఎరువు ముట్టుకుంటే నీ గిట్టలు విరగ్గొడతా!"

"నీ అబ్బ సొమ్మా?"

ఇద్దరికీ అబ్బ ఒకడేనన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. పంతానికి పోయి ఎవరూ పార ముట్టుకోలేదు, లద్ది మెట్ల మీదే ఉండిపోయింది.

ఆ ఆదివారం స్తమాతా గొంతు తగ్గించి, "ఇకనుంచి రొట్టె వద్దే. గడ్డి పంపు, ఎంతుంటే అంత," అంది. పిచ్చి పట్టిందేమో అనుకుంటూనే మోపులు మోపులు పంపాను. ఆమె తిన్నది, తోసింది, నీళ్లు చల్లి అణిచింది. దాని మీద చలికాలమంతా మంచు పడి గట్టిపడింది.

మళ్లీ ఆకులు రాలే రోజుల్లో ఒక పొద్దున స్తమాతా ఆ కుప్ప మీదుగా దిగి వచ్చింది. మరుదులు నోళ్లు తెరుచుకుని చూశారు. నేను పరుగెత్తి కావలించుకున్నాను.

"పదేళ్లు రొట్టె తెచ్చావు," అంది. "ఒక్క వారమైనా ఆ బుట్టతో మట్టి తెస్తావని చూశానే."

ఆచారమని ఏదో గొణిగాను. ఆమె నా చేతులు మెల్లగా విడిపించుకుని చెస్ట్‌నట్ తోపు వైపు నడిచింది. రాలిన తొక్కలు ఆమె గిట్టల కింద పటపటమన్నాయి. నేను వెంట వెళ్లలేకపోయాను.