గడకర్రకి అందని నీళ్ళు

మా ఆయన్ని మెచ్చుకోవాలంటే నీళ్ళ దగ్గరే మెచ్చుకోవాలి. గుడివాడ పక్కన మా ఊరి కాలువలో పడవ తొయ్యడంలో ఆయన తరవాతే ఎవరైనా. గడకర్ర అడుగున ఆనించి ఒక్క తోపు తోస్తే ధాన్యం బస్తాల పడవైనా కదలాల్సిందే. ఆ సంగతి ఆయనకీ బాగా తెలుసు. అక్కడే వచ్చింది చిక్కు.

అవి యాభైల చివరి రోజులు. మాకు పెళ్ళయి ఏడాది తిరగలేదు. వేసవికి కాలువలు కట్టేశారు, పొలం పనులు లేవు. నాలుగు రోజులు ఉండి వెళ్ళమని బందరులో ఉన్న ఆయన మేనత్త కబురు చేస్తే వెళ్ళాం. అప్పట్లో పెద్దవాళ్ళ ముందు మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోకూడదు. మా ఇంట్లో పగలంతా ఆయన గొంతు వసారాలోంచి వినబడటమే తప్ప, నాతో ఏదైనా చెప్పాలంటే మా అత్తగారితో చెప్పించేవారు. ఆయన ఎలాంటి మనిషో నాకింకా సరిగ్గా తెలియదు.

నేను సముద్రం చూడలేదని విని, మేనత్తగారు బండి కట్టించి మమ్మల్నిద్దర్నీ మంగినపూడి పంపారు. పొద్దున్నే చేరాం. అక్కడి జాలర్లని అడిగి ఈయన చిన్న పడవ పుచ్చుకున్నారు. వాళ్ళిచ్చిన తెడ్లు రెండూ పడవలో పడేసి, ఒడ్డునున్న వెదురుగడ చేతపట్టారు. "ఒడ్డు వారనే తిరగండి బాబూ" అని వాళ్ళు కెరటాలు దాటేదాకా పడవ తోసి వెనక్కి వెళ్ళారు.

బుద్ధెరిగాక గట్టు లేని నీళ్ళు నేను చూడలేదు. ఏ కాలువకైనా అవతల ఎవరిదో పొలం ఉంటుంది, గేదెలుంటాయి, కేకేస్తే పలికే మనిషి ఉంటాడు. ఇక్కడ అవతల అన్నదే లేదు. ఇంత నీరు మా ఊరికి ఇంత దగ్గర్లో ఉండగా, ఇన్నాళ్ళూ ఏమీ ఎరగనట్టు చల్ల చిలుక్కుంటూ కూర్చున్నానా అనిపించింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

"ఇక్కడా అడుగుంది. ఇక్కడా ఉంది" అంటూ ఆయన గడ వేస్తూనే ఉన్నారు. ఆ తీరంలో చాలా దూరం లోతుండదు, దాంతో ధైర్యం పెరిగింది. ఒకసారి గడ దిగింది, దిగుతూనే ఉంది. పిడికిలి మునిగినా దేనికీ ఆనలేదు. ఆయన తూలి, పడబోయి గడ వదిలేశారు. అది పైకి లేచి, మాకందకుండా తేలుతూ పోయింది.

వెనక్కి చూస్తే ఒడ్డున తాటిచెట్లు దర్భపుల్లల్లా ఉన్నాయి. గాలేమో మమ్మల్ని ఇంకా లోపలికే తోస్తోంది.

"ఇక్కడేం చెయ్యాలో నాకు తెలియదు" అన్నారు ఆయన, కూలబడి. తెలియదన్న మాట ఆయన నోట వినడం అదే మొదలు.

ఇక ఒడ్డు చేరమేమోనని భయమేసింది. అయినా, మా కింద అంత లోతుందన్న ఊహ రాగానే నీళ్ళు తీసి కళ్ళకద్దుకున్నాను.

చెరో తెడ్డూ తీసుకున్నాం. ఆయన ఒక పక్క, నేనొక పక్క. ఆయన బలానికి పడవ గానుగెద్దులా అక్కడే తిరిగింది.

"ఏవండీ, దంపుళ్ళలా వేద్దాం" అన్నాను. ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్ళు దంచేటప్పుడు ఒకరి రోకలి లేస్తే రెండోవారిది పడుతుంది. ఊపిరి బిగించి "హుం" అనడమే గుర్తు. పడవ నడిపే తీరు అది కాదేమో, నాకు వచ్చింది అదే.

"నువ్వు చెప్పు, నేను వేస్తాను" అన్నారు.

నేను హుం అన్నప్పుడల్లా ఆయన తెడ్డు పడింది. అటూ ఇటూ ఊగుతూనే పడవ కదిలింది. అరచేతులు బొబ్బలెక్కాయి, తాటిచెట్లు ఎంతకీ పెరగవు. నా గొంతు పోయింది, అయినా ఆపలేదు. ఆయన ఒక్కసారి కూడా నా లెక్క తప్పలేదు. చివరికి తెడ్డుకి ఇసక తగిలింది.

సాయంత్రం బందరులో వసారా నిండా జనం. "ఏరా, సముద్రం ఎలా ఉంది?" అన్నారు మేనత్తగారు. నేను ఎప్పట్లాగే తలుపు చాటున నిలబడ్డాను.

ఆయన అంతమందిలోనూ తలుపు వైపు తిరిగి, "నువ్వు చెప్పు" అన్నారు.

నేను తలుపు చాటునుంచి బయటికి వచ్చి చెప్పాను.