చివర్లో ఒక 'అంట'

గిద్దలూరు బస్టాండులో పక్క బెంచీ మీద ఒకాయన ఫోను స్పీకరు పెట్టుకుని, ఎవరో పంపిన మాటలు వింటున్నాడు. "పులి రోడ్డు మీదికి వచ్చిందంట..." ఆ 'అంట' అనే సాగదీత చెవిన పడగానే నా నడుము దానంతటదే నిటారైంది. ఎవరు చూశారని అడగబోయి ఊరుకున్నాను. ఆ అడగడం నాది కాదు, కాశమ్మ టీచరుది.

నల్లమల అంచున ఉన్న మా ఊరి బడిలో ఆవిడ సైన్సు చెప్పేవారు. పాఠం కంటే ముందు మాకు ఒక రూలు పెట్టారు. కళ్లారా చూసింది మామూలుగా చెప్పాలి. విన్నదైతే చివర 'అంట' పెట్టాలి. మనం అనుకునేదైతే 'అని నా నమ్మకం' అనాలి. ఎలుగుబంటి వచ్చిందని ఎవడైనా రొప్పుతూ వచ్చినా ముందు ఆ సంగతి తేలాల్సిందే. మాకు మహా విసుగ్గా ఉండేది. ఆటపట్టిద్దామనే ఒకరోజు నేను లేచి, ఆకులు నీళ్లు వదులుతాయంట టీచర్, పుస్తకంలో రాశారు అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. ఆ వాక్యాన్ని అంటతో సహా బోర్డు మీద రాసి, నన్ను బయటికి తీసుకెళ్లి, ఎండలో ఉన్న వేపకొమ్మకు ప్లాస్టిక్ కవరు కట్టించారు. అన్నాలు తిని వెళ్లి చూస్తే కవరు లోపల నీటి చుక్కలు! టీచరు నా చేతికి గుడ్డ ఇచ్చారు.

"ఇంక ఆ అంట తీసెయ్ పాపా."

తుడిచి 'వదులుతాయి' అని రాశాను. అప్పటిదాకా చదివినవన్నీ ఎవరివో. ఇది మాత్రం నాది. ఆ సంతోషం మళ్లీ ఏ మార్కులకూ రాలేదు.

తొమ్మిదో తరగతిలో పరీక్ష పేపరు ముందే బయటికి పొక్కింది. పేపర్ల కట్ట ఉన్న బీరువా తాళం టీచరు దగ్గర ఉండేది కాబట్టి అందరి వేళ్లూ ఆవిడ వైపే చూపించాయి. పరీక్షకు ముందురోజు సాయంత్రం నేను ఆ గదిలోనే కూర్చుని ఆవిడకు చార్టులు గీసిపెట్టాను. విచారణకు వచ్చిన ఆఫీసరు మంచివాడే. నాచేత ఒక్క మాట చెప్పించి ఫైలు మూసేద్దామనుకున్నాడు. నువ్వు అక్కడే ఉన్నావు కదమ్మా, టీచరు బీరువా తెరవలేదు కదా అని అడిగాడు. అవునంటే అక్కడితో అయిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"నేను ఉన్నంతసేపు తెరవలేదు సార్. మధ్యలో బోరింగు కాడికి నీళ్లకు పోయినాను. అప్పటి సంగతి నాకు తెలీదు."

టీచరును పొదిలి వైపు బదిలీ చేశారు. అప్పటిదాకా ఆవిడ వైపు వేలు చూపించిన ఊరే ఇప్పుడు నన్ను ఆడిపోసుకుంది. ఒక్క అబద్ధమాడితే నీ సొమ్మేం పోయేదని నాయన అన్నం దగ్గర కూడా వదల్లేదు. ఆవిడ వెళ్లేరోజు బస్సు దగ్గరికి వెళ్లాను గానీ తలెత్తలేకపోయాను. చివరికి తలెత్తి చూస్తే ఆవిడ ముఖంలో కోపం లేదు. బాగా అలసిపోయి ఉన్నారు.

"నేను తీయలేదని నమ్ముతావా?"

నమ్ముతానన్నాను.

"నమ్ము. కానీ నమ్మినదాన్ని చూసినట్టు చెప్పొద్దు. అట్ల చెప్పుంటే నేను ఈ ఊళ్లోనే ఉండేదాన్ని, నీకు చెప్పిన చదువు గంగలో కలిసిపోయేది. నాకు బాధగానే ఉంది పాపా, అయినా నువ్వు చేసింది సరే."

ఆవిడ మళ్లీ కనబడలేదు. పేపరు ఎవరు తీశారో ఇప్పటికీ తేలలేదు. మార్కాపురంలో నేనూ పిల్లలకు సైన్సే చెబుతున్నాను. వాళ్లూ నా అంటతో విసిగిపోతున్నారు. ఆవిడ గురించి రాద్దామని కూర్చుంటే మాత్రం ఒక వాక్యం దగ్గర చేయి ఆగిపోతుంది. కాశమ్మ టీచరు ఆ బీరువా తెరవలేదని నా నమ్మకం. చివరి రెండు మాటలు కొట్టేయాలని ఇన్నేళ్లుగా ప్రాణం పీకుతోంది. కొట్టేస్తే ఆవిడే ఒప్పుకోరు.