ఇద్దరూ ఒకే రోజు దిగాలి

"అక్కడ ఎకరం ఎంత పలుకుద్దండీ?"

సియాచిన్ మంచు మీద కాపలా కాసి, రిటైరై గణపవరం వచ్చిన హవల్దార్ అబ్బులును టీ కొట్టు దగ్గర తాతారావు అడిగిన ప్రశ్న ఇది. తాతారావుకు చేపల చెరువులున్నాయి. భూమి అన్నాక రేటుండాలన్నది ఆయన నమ్మకం. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"కొనేవాడూ లేడు, అమ్మేవాడూ లేడండి. కాపలావాడొక్కడే ఉన్నాడు" అన్నాడు అబ్బులు.

దేశభక్తి ఉపన్యాసాలన్నీ దాటేసిన ప్రశ్నను తాతారావు ఒక్క ముక్కలో అడిగేశాడు. అబ్బులు ఉన్న పోస్టులో ఇద్దరు పోయారు, ఇద్దరూ మంచువల్లే. అతని ఎడమకాలి వేళ్లు రెండు అక్కడే పోయాయి. అయినా గడువు పూర్తయ్యేదాకా పోస్టు దిగలేదని చెప్పేటప్పుడు మెడ నిటారుగా నిలబడుతుంది. రెండు దేశాలూ ఆ కొండ ఖాళీ చేయాలని కూడా అతనే అంటాడు.

"అంత ఇష్టం లేనోడివి ఎందుకెక్కావయ్యా?" అని ఎవరో దెప్పారు.

"ఎక్కాను కాబట్టే చెబుతున్నానండి."

ఆ జవాబు నచ్చిందేమో, తాతారావు అతన్ని చెరువు కాపలాకు పెట్టుకున్నాడు. అబ్బులుకు ఆ పని కావాలి. పింఛను ఇంటికి సరిపోతుంది. తాడేపల్లిగూడెంలో నర్సింగ్ చదువుతున్న కూతురు శ్రావ్య ఫీజుకు సరిపోదు.

తాతారావు చెరువుకూ బావమరిది సుకుమార్ చెరువుకూ మధ్య ఒకటే గట్టు. అందులో నాలుగడుగుల వెడల్పు నాదంటే నాదని ఏళ్లుగా తగువు. తాతారావు గట్టు మీద పాక వేస్తే, మర్నాడే సుకుమార్ ఎదురుగా ఇంకో పాక వేసి వరదానం అనే మనిషిని కాపలా పెట్టాడు. ఆ ఇద్దరు కాపలావాళ్లకూ పగేమీ లేదు. ఒకే ఫ్లాస్కులో టీ తాగేవారు.

వానల్లో గట్టు జారడం మొదలైంది. వరదానం మట్టి వేయబోతే తాతారావు అడ్డొచ్చాడు. అబ్బులు వేయబోతే సుకుమార్ అడ్డొచ్చాడు. మట్టి వేసినవాడిదే గట్టయిపోతుందని ఇద్దరికీ భయం. కాపలావాళ్లిద్దరూ చూస్తుండగానే గండి పడింది. చేపలు కలిసిపోయాయి.

"పెద్ద బొచ్చె చేపలన్నీ నావే సుకుమారూ. నువ్వేసింది మొన్నేగా, ఇంకా పిల్లలు" అన్నాడు తాతారావు.

"మీ పేరు రాసుందా బావా వాటి మీద?"

అప్పుడు అబ్బులు మధ్యలోకి వచ్చాడు. "ముందు ఏ పాక ఎక్కడుందో ఫొటో తీసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. తగువు తేలేదాకా ఆ నాలుగడుగులు ఎవరివీ కావు. మట్టి ఖర్చు చెరిసగం. మేమిద్దరం ఒకే రోజు గట్టు దిగుతాం."

"వాడి మనిషి మళ్లీ ఎక్కితే?" అన్నాడు తాతారావు.

"ఎక్కొచ్చండి. ఎక్కితే మళ్లీ పాక వేసుకుందురుగాని. ఇప్పుడు చూడండి, పాకలు రెండున్నాయి, గట్టే లేదు."

తాతారావు అబ్బులు వైపు తిరిగాడు. "మరి నీ జీతమో?"

"పోద్దండి."

సంతకాలయ్యాయి, గండి పూడ్చారు. పాకల తాటాకు ఒకే ట్రాక్టర్‌లో వెళ్లిపోయింది. గట్టు రెండు వానాకాలాలు దాటి నిలబడే ఉంది, తగువూ ఉంది.

చెరువు గట్టూ సరిహద్దూ ఒకటి కాదు. కొండ దిగినవాడు మళ్లీ ఎక్కాలంటే ఒక్కరోజులో అయ్యే పని కాదు, ఈలోగా అవతలివాడు ఎక్కి కూర్చుంటే ఏం చేస్తారని అబ్బులునే అడిగాను.

"నిజమేనండి. అందుకే ముందు సంతకాలు, తర్వాత ఇద్దరికీ కనపడేలా నిఘా. చూడకుండా నమ్మమని నేననను. కాపలా కాసినోణ్ణి కదండీ."

కొండ దిగుదామనడం పిరికితనం అన్నవాళ్లు ఈ మాట ఒకసారి వింటే బాగుండును. జీతం పోతుందని తెలిసీ తన పాకను తనే దింపించిన మనిషి మా ప్రాంతంలో ఉన్నందుకు నాకు గర్వంగా ఉంది. ఇప్పుడతను ఏలూరులో ఒక గోడౌన్ దగ్గర తక్కువ జీతానికి గార్డుగా ఉన్నాడు. శ్రావ్య ఫీజు వాయిదాల్లో కడుతున్నాడు.

గట్టు రాజీ తన ఘనతేనని తాతారావు అందరికీ చెప్పుకుంటాడు. అబ్బులు బాకీ మాటెత్తితే మాత్రం, "గండి నీ కాపలాలోనే కదయ్యా పడింది" అంటాడు. ఆఖరి రెండు నెలల జీతం, ముప్పై రెండు వేలు, ఇంకా ఇవ్వలేదు.