కార్డులమ్మ అడిగిన రెండు ప్రశ్నలు

పోయిన ఆదివారం పొద్దున్నే కార్డులమ్మ వాళ్ల పెద్దబ్బాయి ఫోను చేసి, ఆవిడ పోయిందని చెప్పాడు. "రాత్రి బాగానే అన్నం తిందండీ, తెల్లారి లేవలేదు" అన్నాడు. ఫోను పెట్టేశాక నాకు ముందు ఏడుపు రాలేదు, ఒక సందేహం వచ్చింది. ఆసుపత్రి మెట్లెక్కే మనిషిని కిటికీలోంచి ఓరగా చూసి, ఆ మనిషి బల్ల దగ్గరకు వచ్చేలోగా కార్డు తీసి పెట్టేది ఆవిడ. అదెలా సాధ్యమో అడగాలని ఏడేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. ఇక అడగడానికి మనిషి లేదు. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

పర్చూరు వైపు మా ఊళ్లో డాక్టరుగారి ముప్పై పడకల ఆసుపత్రిలో ఆవిడ ఆయాగా చేరింది. ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది కాబట్టి రోగుల కార్డులుండే గది అప్పగించారు. అప్పట్నుంచి రోగులకు, నర్సులకు, చివరికి డాక్టరుగారికి కూడా ఆవిడ కార్డులమ్మే. పిల్లలు ఇద్దరూ కొడుకులే. "ఆడపిల్ల లేని కొంప, చెప్పిన మాట వినేవాళ్లే లేరు" అని సణుగుతూ, తనే నవ్వేది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, చిలకలూరిపేటలో ఆర్నెల్ల కోర్సు చేసి, కంప్యూటర్ అంతా నాకే వచ్చన్న ధీమాతో ఆ ఆసుపత్రిలో చేరాను. గదిలోని కార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడం నా ఉద్యోగం. మొదటిరోజు ఆ గది చూసి నవ్వాపుకోలేకపోయాను. అక్షర క్రమం లేదు, నంబర్ల వరస లేదు. చెక్క అరల్లో ఊరికొక అర, ఇంటికొక కట్ట. పాత చీరల అంచులు చింపి కట్టలకు కట్టింది. కుంకుమ రంగు అంచు ఒక ఊరు, నీలం అంచు ఇంకో ఊరు. అత్తాకోడళ్లు బయట ఎంత కొట్టుకున్నా ఇక్కడ ఒకే కట్టలో ఉండాల్సిందే. మిరపకోతలకు దర్శి, కనిగిరి వైపు నుంచి ముఠాలుగా వచ్చే కూలీలకు వేరే అర. వాళ్ల కట్టల మీద ముఠా మేస్త్రీ పేరు ఉండేది.

కొత్తగా వచ్చిన ప్రతి మనిషినీ ఆవిడ రెండు ప్రశ్నలు అడిగేది. "ఇంటికాడ నిన్ను ఏమని పిలుస్తారు?", "ఎవరితో వచ్చావు?" జ్వరంతో వణికే మనిషికి ఈ కబుర్లెందుకని నాకు విసుగు. నా తెర మీద పేరు, భర్త లేక తండ్రి పేరు, వయసు, ఊరు అని నాలుగే గడులు. ముచ్చటగా ఉండేవి.

కంప్యూటర్ అంటే ఆవిడకు భయం లేదు, అసూయ అంతకన్నా లేదు. ఉన్నదల్లా ఆరా. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చునేది.

"అమ్మాయ్, కరెంటు పోతే ఇది అన్నీ మర్చిపోద్దా?"

"మర్చిపోదండీ. లోపల దాచుకుంటుంది."

"అయితే తాళంచెవి ఎవరికాడ ఉంటది?"

పాస్‌వర్డు గురించి చెప్పాను. అది ఎంతమందికి తెలుసని అడిగింది. అందరికీ తెలుసు, కీబోర్డు కింద కాగితం మీద రాసి అంటించామని చెప్పాను. ఆవిడ లేచి ఆ కాగితం పీకి రవికలో దోపుకుంది. తర్వాత తెరను కౌంటరు వైపు నుంచి గోడ వైపుకు తిప్పింది. "మందికి కనపడేటట్టు మనుషుల జబ్బులు పరిచి పెడతారా ఎక్కడన్నా?" అంది. ఒకసారి ఒక మేస్త్రీ వచ్చి, తన ముఠాలో దగ్గుతున్న మనిషికి టీబీయేనా అని మెల్లగా అడిగితే, "అది ఆయన కార్డండీ. ఆయన్నే అడగండి" అని పంపేసింది. ఆ మేస్త్రీ పొగాకు కాడ నములుతూ కాసేపు అక్కడే నిలబడ్డాడు గానీ, లాభం లేకపోయింది.

ఏడాదికి పని పూర్తయింది. డాక్టరుగారు సంతోషించి, కార్డులన్నీ మూటలు కట్టి వెనక రేకుల షెడ్డులో పడేయమన్నారు. కార్డులమ్మను ఇకమీదట వార్డు దుప్పట్లు చూసుకోమన్నారు. ఆవిడ ఆ రోజే మూటలు కట్టడం మొదలుపెట్టింది. రోజుకు రెండు అరల చొప్పున, ఏ అంచు ఆ అంచుకే కట్టుకుంటూ, కూలీల అరను చిట్టచివరకు మిగుల్చుకుంది. ఆవిడ అడిగే ప్రశ్నలు ఇక ఎవరికీ అక్కర్లేదని నేను లోలోపల సంబరపడ్డాను. ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆ మిరపకోతల్లో, కాలికి ముల్లు దిగి చీము పట్టిన ఒక కూలి మనిషి వచ్చింది. పేరు కోటేశ్వరమ్మ అని చెప్పింది, ఊరు దర్శి పక్కన. కంప్యూటర్లో వెతికితే లేదు. కొత్త రోగి అని కాగితం తీసి ఇచ్చాను. "ఇంతకుముందు ఏ మందన్నా పడలేదా?" అని డాక్టరుగారు అడిగితే, లేదండీ అంది. ఆయన పెన్సిలిన్ రాశారు.

కార్డులమ్మ దుప్పట్లు మోసుకుంటూ ఇంజెక్షన్ గది ముందు నుంచి వెళుతూ, బల్ల మీద కూర్చున్న మనిషిని, పక్కనున్న పెన్సిలిన్ సీసాను చూసింది. దుప్పట్లన్నీ నేల మీద పడేసి, "సూది ఆపండి!" అని అరిచింది. నర్సు చేతిలో సిరంజి నిండి ఉంది.

"ఈమె పోయినేడు ఈ మందుకే మొహం వాచిపోయి ఊపిరాడక పడిపోయింది. నేనే కాళ్లు పట్టుకున్నా."

"కాగితంలో కొత్త రోగి అని ఉంది కదా!" అంది నర్సు.

కార్డులమ్మ పరుగున వెళ్లి, కూలీల అరలోంచి మేస్త్రీ కట్ట విప్పి కార్డు తెచ్చింది. పైన ఎర్ర సిరాతో డాక్టరుగారి చేతిరాతే ఉంది, పెన్సిలిన్ వద్దని. కానీ పేరు సువార్తమ్మ. ఆ ఎర్ర సిరా మాట నేను కంప్యూటర్లోకి తు.చ. తప్పకుండా ఎక్కించాను, సువార్తమ్మ పేరు మీదే.

"మీ పాస్టరయ్య నిన్ను ఏమని పిలుస్తాడే?" అని అడిగింది కార్డులమ్మ.

"సువార్తమ్మ అనండీ."

"మరి ఇక్కడ కోటేశ్వరమ్మ అన్నావే?"

"కంప్యూటర్ పెట్టారు కదండీ, గవుర్మెంటు లెక్క అనుకున్నా. రేషన్ కార్డులో ఉన్న పేరే చెప్పాలేమో అని..."

"మందు పడదని పోయినేడు నీకు చెప్పలా?"

"మా మేస్త్రీకి చెప్పారంటండీ. నాకు ఒళ్లు తెలిస్తేగా."

 ముందు ఆ మనిషి మీద కోపం వచ్చింది, తర్వాత నా మీద. గదిలోకి పోయి ఏడుస్తుంటే కార్డులమ్మ వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. ఓదార్చలేదు. "ఆమె అబద్ధం చెప్పలా. నువ్వు తప్పు రాయలా. మరి తప్పు యాడుందో కనుక్కోవద్దా మనం?" అంది. అంత గండం తప్పిన గంటలో కూడా ఆవిడ కళ్లలో అదే ఆరా. ఆ చూపుకే నా ఏడుపు ఆగింది.

ఇద్దరం కలిసి కనుక్కున్నాం. మా ప్రాంతంలో చాలామందికి చర్చిలో ఒక పేరు, కాగితాల్లో ఒక పేరు ఉంటాయని నాకూ తెలుసు. తెలిసిన సంగతే, అడగాలని తోచలేదు. కబుర్లని నేను విసుక్కున్న ఆవిడ ప్రశ్నలు కబుర్లు కాదు. పేరు మారినా, తోడొచ్చే మనుషులు అంత తొందరగా మారరు. డాక్టరుగారు గుంటూరు నుంచి ప్రోగ్రాం రాసినతన్ని పిలిపించి, తెర మీద ఇంకో రెండు గడులు పెట్టించారు. ఒకటి "ఇంకో పేరు", రెండోది "ఎవరితో వచ్చారు". దుప్పట్లు వేరేవాళ్లకు అప్పగించి, కార్డులమ్మను నా పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. ఆవిడ అడిగేది, నేను టైపు చేసేదాన్ని. కనిపెట్టడంలో కంప్యూటర్ది అందెవేసిన చెయ్యి అని ఆవిడే ఒప్పుకుంది. ఒక్క ఊళ్లోనే వారంలో పదిమందికి పురుగుమందు కొడుతూ వాంతులైన సంగతి అది ఒక్క క్షణంలో చూపిస్తే, "ఇది నా అరల్లో ఏనాడూ కనపడలా అమ్మాయ్" అని నోరు తెరిచింది. డాక్టరుగారు ఆ ఊరికి మనిషిని పంపి, ముక్కుకు గుడ్డ లేకుండా, గాలికి ఎదురుగా మందు కొట్టొద్దని చెప్పించారు.

పని లేకుండా ఎవరి కార్డూ తీయకూడదన్నది ఆవిడ పెట్టిన పద్ధతి. ఇన్నేళ్లలో నేను ఆవిడ కార్డు తెరిచి చూడలేదు. సోమవారం మట్టి చేసి వచ్చాక పని పడింది. మా దగ్గర చూపించుకున్నవాళ్లు పోతే ఆ సంగతి వాళ్ల కార్డులో రాయాలి. ఆవిడ అసలు పేరని నేననుకున్న పేరు కొట్టాను, రాలేదు; కార్డులమ్మ అని కొట్టాలని తోచలేదు. ఊరు, వయసు పెట్టి వెతికితే దొరికింది. నేనెప్పుడూ వినని పేరు మీద ఉంది. "ఇంకో పేరు" గడిలో కార్డులమ్మ అని ఉంది.

నాలుగేళ్ల కిందట ఆవిడకు జ్వరమొస్తే నేనే రిక్షాలో తీసుకొచ్చాను. నేను డాక్టరుగారిని పిలవడానికి లోపలికి వెళ్లినప్పుడు, కౌంటర్లో కొత్తగా చేరిన కుర్రవాడు ఆవిడను అడిగి వివరాలు రాసుకున్నాడు. "ఎవరితో వచ్చారు" గడిలో ఆవిడ చెప్పింది చెప్పినట్టు టైపు చేశాడు.

"మా అమ్మాయితో."

కార్డుల్లో తప్పులు సరిదిద్దడం కూడా నా ఉద్యోగమే. చనిపోయిన తేదీ రాశాను. ఆ గడి జోలికి పోలేదు.