ఫొటో కోసం జరిపిన మీటరు

పాలీహౌస్‌లో వేలాడుతున్న ఆ మీటరును జరిపింది నేనే. ఈ ఒక్క మాట ఏళ్లుగా దాచుకున్నాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

అప్పట్లో కరీంనగర్‌లో ఒక పత్రికకు రాసేవాడిని. మంథని దగ్గర సరోజ అనే రైతు క్యాప్సికం వేసిందని తెలిసి వెళ్లాను. భర్త దుబాయ్‌లో ఉంటాడు. మామ వద్దంటున్నా పట్టుబట్టి వేసిన పంట అది. పాలీహౌస్ మీది ప్లాస్టిక్ పట్టా ఒకవైపు పాతబడింది. పాతబడిన పట్టా అతినీలలోహిత కిరణాలను ఆపలేదు, లేత ఆకులు మాడిపోతాయి. అందుకే వాటిని కొలిచే మీటరును ఆ వైపే, మొక్కల ఎత్తులో కట్టుకుంది. అంకె పెరగగానే మొక్కల మీదికి నీడవల లాగేది.

అక్కడ ఎండకు ఆమె కళ్లు చిట్లించుకుంటోంది. ఫొటో బాగా రావడం లేదు. మీటరు విప్పి, తలుపు దగ్గర కొత్త పట్టా కింద కట్టి, పక్కన ఆమెను నిలబెట్టాను.

"గిది గిక్కడనే ఉంటే నడుస్తదా అన్నా?"

"నడుస్తది చెల్లె. జర నవ్వు."

"మొక్కలు నవ్వాలె గని, నేను నవ్వితే ఏమొస్తది?" అంటూనే నవ్వింది.

నాకేం తెలుసని నడుస్తదన్నాను? పేపరాయన చెప్పాడు కదా అని ఆమె దాన్ని మళ్లీ కదపలేదు. అంకె పెరగలేదు. నీడవల లాగలేదు.

తర్వాత వెళ్లేసరికి పాత పట్టా కింది మొక్కలన్నీ తెల్లబారి, అంచులు మాడి ఉన్నాయి. మందు ఎక్కువ కొట్టి పంటను కాల్చిందని మామ ఊరంతా చెప్పాడు. భర్త ఫోన్‌లో అదే అన్నాడు. అటువైపు రెండుసార్లు కొట్టానేమోనని చివరికి ఆమే నమ్మింది. మీటరు తలుపు దగ్గరే వేలాడుతోంది. చూశాను. అర్థమైంది. నోరు తెరవలేదు.

ఎందుకు? ఆమెకు నా మీదున్న నమ్మకం పోతుందనా, లేక అచ్చయిన ఆ ఫొటో కింద నా పేరు ఉందనా? ఎంత తిప్పి తిప్పి ఆలోచించినా రెండోదే నిజమనిపిస్తుంది. ఇంత చిన్న కారణమా?

ఇప్పటికీ బస్సు కిటికీలోంచి తెల్లబారిన ఆకు కనిపిస్తే చూపు తిప్పుకుంటాను.

మీకు చెప్పాను. అంతే. ఆమెకు ఇంకా చెప్పలేదు. ఆ ఫొటో వాళ్ల ముందుగదిలో పటం కట్టి ఉంది. తలుపు దగ్గరి మీటరు అందులో స్పష్టంగా కనిపిస్తుంది. పాత పట్టా మార్చారు. సాగు మామే చూసుకుంటున్నాడు. సరోజను పాలీహౌస్ లోపలికి రానివ్వడు.