తల్లీ పిల్లా క్షేమం

మా నాయనమ్మ పోయిన తర్వాత పెదపారుపూడి దగ్గర మా ఊళ్ళో పాత ఇల్లు విప్పించారు. తలుపులూ దూలాలూ ఇత్తడి గంగాళాలూ తలా ఒకటి పంచుకున్నాక, నా వంతుకి ఒక ఇనుప తీగ వచ్చింది. కింద చెక్క బిళ్ళ, పైన కొక్కెం, మధ్యలో జానెడు ఎత్తున గుచ్చిన పాత ఉత్తరాలు. "నీకు చదువంటే ఇష్టం కదమ్మా, ఇవి నువ్వు తీసుకో," అన్నాడు మా బాబాయి, పెద్ద త్యాగం చేస్తున్నవాడిలా. నాకు ఒళ్ళు మండింది. అయినా తీసుకుని గుడివాడ తెచ్చి అటకమీద పడేశాను. పదేళ్ళ పైన వాటి మొహం చూడలేదు.

వాటిని కిందికి దింపించింది మా అత్తయ్య. మా నాన్నకి అక్క. ఎనభై దాటాయి, బందరులో కొడుకు దగ్గర ఉంటుంది. ఆ కొడుకే మా బావ.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. అత్తయ్య మా తాతయ్యకి మొదటి భార్య కూతురు. ఆ మొదటావిడ చనిపోతే, ఆవిడ సొంత చెల్లెల్నే తాతయ్యకిచ్చి చేశారు. ఆ చెల్లెలే మా నాయనమ్మ. అంటే అత్తయ్యకి సవతితల్లి అయినా, పిన్ని అయినా ఆవిడే. ఆ పిన్ని తనని ఎంత బాగా చూసుకుందో అత్తయ్య నాకు వందసార్లు చెప్పి ఉంటుంది. కన్నతల్లి గురించి మాత్రం పిన్ని చెప్పింది ఒక్కటే మాట. "నీకు రెండేళ్ళప్పుడు జ్వరమొచ్చి పోయిందమ్మా." ఏ రోజున అని అడిగితే గుర్తులేదనేది.

తిథి తెలియదు కాబట్టి అత్తయ్య ఏటా మహాలయ అమావాస్యనాడు తల్లి పేరున స్వయంపాకం ఇస్తుంది. బియ్యం, పప్పు, కూరలు, నెయ్యి, దక్షిణ. ఒక ఏడు ఆ రోజున నేనూ బందరులోనే ఉన్నాను. పంతులుగారు సంచీ తీసుకుని వెళ్ళిపోయాక అత్తయ్య గుమ్మం దగ్గరే కూలబడింది.

"ఎప్పుడు పోయారో తెలియనివాళ్ళందరికీ కలిపి పెట్టే రోజే ఇది," అంది. "ఇన్నేళ్ళుగా ముక్కూ మొహం తెలియనివాళ్ళ పంక్తిలో మా అమ్మని కూచోబెడుతున్నాను. ఆవిడ తిథేదో తెలిస్తే, ఒక్క ఏడైనా ఆవిడ రోజున ఆవిడకి పెట్టుకుంటాను కదే."

"నాయనమ్మ ఉత్తరాలు నా దగ్గరున్నాయి. చూస్తాను అత్తయ్యా," అన్నాను.

"చూడవే. అదొక్కటే కాదు." గొంతు తగ్గించింది. "రెండేళ్ళు ఆవిడ చంకలో తిరిగానా? ఒక్కటి గుర్తులేదు నాకు. చీర రంగు లేదు, చేతి గాజు లేదు, గొంతు లేదు. మా మనవరాలు చూడు, ఏడాదిన్నరప్పుడు కొన్న గొడుగు సంగతి ఇప్పటికీ చెప్తుంది. నేను మాత్రం కన్నతల్లిని మర్చిపోయాను. ఇంతకంటే మొద్దు ఎవరన్నా ఉంటారా? తిథి తెలిస్తే, ఆ రోజున కళ్ళు మూసుకుని కూచుంటే ఏదో ఒకటి తగులుతుందేమోనని ఆశ."

అత్తయ్య ఏడిచే మనిషి కాదు. ఆ రోజు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎనభై ఏళ్ళ మనిషి, తప్పు చేసిన పిల్లలా తలవంచుకుంటే నేను చూడలేకపోయాను.

గుడివాడ వచ్చి తీగ దింపాను. ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి చరిత్ర చెప్పినదాన్ని, ఇదెంత పని అనుకున్నాను. కార్డులు ఒక్కొక్కటే తీసి, దుమ్ము తుడిచి, రాసినవాళ్ళ పేర్లని బట్టి దొంతులు పెట్టాను. సగం చేతిరాతలు కోడికెలుకుడు. వానలూ, గేదెలూ, ధాన్యం ధర, ఫలానావాళ్ళని అడిగానని చెప్పండి. ఒకాయన తన మోకాలి నొప్పి గురించి రాసినన్ని ఉత్తరాలు ఏ ప్రేమికుడూ రాసి ఉండడు. పురుళ్ళ కార్డులు, పెళ్ళి కార్డులు వేరే దొంతి. వాటి మూలలకి పూసిన పసుపు తేనెరంగుకి దిగి ఉంది. పురుడు కార్డులన్నిటిదీ ఒకటే వరస. అమ్మాయి సుఖంగా ప్రసవించింది, ఆడపిల్ల, లేదా మగపిల్లవాడు, తల్లీ పిల్లా క్షేమం.

చాలా రోజులు చదివాక నాకొకటి తట్టింది. అంత దొంతిలో ఒక్కరూ చనిపోలేదు. ఒక ముసలాయన పదేళ్ళపాటు దగ్గుతాడు, ఆ తర్వాత ఆయన్ని గురించి అడగడం మానేస్తారు, అంతే. మరి చావు కబురు ఎవరు ఇంట్లో దాచుకుంటారు? నా చిన్నప్పుడు కూడా అలాంటి కార్డు వస్తే వీధి అరుగు మీదే చదివి, అక్కడికక్కడే చింపి, తలమీద నీళ్ళు పోసుకుని లోపలికి వచ్చేవాళ్ళు. అది కళ్ళారా చూసినదాన్నే. అయినా మా ఇంటి చరిత్ర అంతా ఆ తీగకి గుచ్చి ఉందని నమ్మి కూచున్నాను. ఇంతకాలం పిల్లలకి నేనేం పాఠం చెప్పానో అని నామీద నాకే చిరాకేసింది. అత్తయ్య అడిగిన ఒక్క సంగతీ ఆ తీగమీద ఉండే వీలే లేదు.

బందరుకి ఫోన్ చేసి బావకి చెప్పాను.

"రిటైరయ్యాక నీకు తోచడం లేదు మరదలా," అన్నాడు. "రెండు గేదెల్ని కొనుక్కో. పాలన్నా వస్తాయి."

కోపమొచ్చి ఫోన్ పెట్టేశాను. ఆ కోపంతోనే పురుడు కార్డులు మళ్ళీ ముందేసుకున్నాను. మా నాన్నది ఉంది. బాబాయిది ఉంది. తాతయ్య అన్నదమ్ముల పిల్లలందరివీ ఉన్నాయి. అత్తయ్యది లేదు. ఇంటికి తొలిచూలు బిడ్డ, పుట్టింది అమ్మమ్మగారింట్లో, నాగాయలంక అవతల. అక్కణ్ణించి కార్డు రాకుండా ఎలా ఉంటుంది? ఎక్కడో జారిపోయి ఉంటుందని సర్దిచెప్పుకోబోయాను. మా నాన్న పుట్టిన కార్డు చేతికి తగిలింది. అక్కచెల్లెళ్ళిద్దరిదీ ఒకటే పుట్టిల్లు కాబట్టి అది రాసింది కూడా వాళ్ళ నాన్నే, అంటే మా ముత్తాత. అందులో ఆయన ఇలా రాశాడు: "ఈసారి దేవుడు దయతలిచాడు. తల్లీ పిల్లవాడూ క్షేమం."

ఈసారి ఏమిటి? మా నాయనమ్మకి అది మొదటి కాన్పు.

తర్వాత పెళ్ళి కార్డుల దొంతిలో నాయనమ్మ పెళ్ళి శుభలేఖ వెతికాను. దానిమీది ముహూర్తానికి, అత్తయ్య బడి సర్టిఫికెట్‌లో ఉన్న పుట్టినతేదీకి ఏడాది కూడా తేడా లేదు. పిల్లకి రెండేళ్ళు వచ్చేదాకా తల్లి బతికుంటే, ఏడాది నిండకుండానే పిన్ని పెళ్ళికూతురు ఎలా అయింది?

మళ్ళీ ఫోన్ చేసి చెప్తే బావ ఒప్పుకోలేదు. "ఆ రోజుల్లో ఇద్దరేసి పెళ్ళాల్ని చేసుకునేవాళ్ళు కదా. బడిలో పుట్టినతేదీలు మేష్టారు ఇష్టమొచ్చినట్టు వేసేవారు." లాయరు కావలసినవాడు, రొయ్యల మేత వ్యాపారంలో పడ్డాడు. కానీ అతనన్నదాంట్లో తప్పేమీ లేదు. తేల్చుకోకుండా అత్తయ్యకి ఏం చెప్తాను?

నాగాయలంక బస్సెక్కాను. ముత్తాత ఇల్లున్న చోట రొయ్యల చెరువు ఉంది, నీళ్ళలో గాలి చిలికే ఏరేటర్లు తిరుగుతున్నాయి. ఇంట్లో ఉన్న కాగితం ముక్కలన్నీ డెబ్భై ఏడు ఉప్పెన రాత్రి ఇంటితోపాటే పోయాయని ఊళ్ళో చెప్పారు. ఇక మిగిలింది సర్కారు కాగితం. బందరులో పాత రికార్డులుండే ఒక గది చుట్టూ ఎండలో తిరిగాను. అర్జీ పెట్టాను. రేపు రమ్మంటే రేపు వెళ్ళాను. చివరికి ముత్తాత ఊరి జనన మరణాల రిజిస్టరు నా ముందు పెట్టారు, పేజీలు మెల్లిగా తిప్పండి మేడమ్ గారూ అంటూ.

జననాల వైపు మాఘమాసంలో వచ్చే తేదీల్లో దొరికింది. ఆడ శిశువు, తండ్రి మా తాతయ్య. పేరు లేదు. మరణాల వైపు తిప్పాను. ఆ మర్నాటి తేదీ. మా తాతయ్య పేరు, దాని పక్కన "భార్య". వయసు పద్దెనిమిది. కారణం, ప్రసవం.

ఆ వయసు ఆడపిల్లలు ఎలా ఉంటారో నాకు బాగా తెలుసు. రిబ్బన్లు కట్టుకుని, వెనక బెంచీలో గుసగుసలాడుతూ, తిడితే తల దించుకుని నవ్వుకుంటూ ఉంటారు. ఆ గదిలో నలుగురూ చూస్తుండగానే నాకు ఏడుపొచ్చింది. అత్తయ్య పుట్టిన కబురూ, ఆవిడ తల్లి పోయిన కబురూ ఒకే కార్డులో వచ్చి ఉంటాయి. ఆ కార్డుని తాతయ్య చదివి, చింపి పారేసి ఉంటాడు. తను పుట్టినట్టు ఒక్క కార్డు ముక్క కూడా ఇంట్లో మిగలలేదు అత్తయ్యకి.

బయటికొచ్చాక ముందు నాయనమ్మ మీద కోపమొచ్చింది. ఎనభై ఏళ్ళు ఒక మనిషిని అబద్ధంలో ఉంచుతారా? ఆవిడ ఎదురుగా ఉంటే కడిగేసేదాన్ని. అంతలో నా చిన్నప్పటి సంగతి ఒకటి గుర్తుకొచ్చింది. దివిసీమ నుంచి, నాయనమ్మ పుట్టింటి వైపు నుంచి వచ్చిన ఒక ముసలి చుట్టం, పంక్తిలో అత్తయ్యని చూసి, "పాపం ఈ పిల్ల పుడుతూనే..." అని మొదలుపెట్టింది. నాయనమ్మ వడ్డిస్తున్న గరిటె కింద పెట్టేసింది. "నీ నోట్లో మన్ను పడ, లే," అని ఆవిడని విస్తరి ముందునుంచి లేపి పంపించేసింది. అన్నం ముందునుంచి మనిషిని లేపడమేమిటని అందరూ నాయనమ్మనే తప్పుపట్టారు. తల్లిని మింగి పుట్టింది అనే మాట ఒక్కసారి ఆ పిల్ల చెవిన పడితే ఇక దానికి జీవితం ఉండదని నాయనమ్మకి తెలుసు. ఆ మాట రాకూడదనే, పోయిన అక్కకి ఇంకో రెండేళ్ళు ఆయుష్షు పోసింది. తిథి చెప్తే గుట్టు బయటపడుతుందని, సొంత అక్క తిథిని కూడా మర్చిపోయినట్టు నటించింది.

ఆ తేదీకి ఏ తిథి వస్తుందో సిద్ధాంతిగారి చేత చూపించుకుని, తిన్నగా అత్తయ్య ఇంటికి వెళ్ళాను. బావ నన్ను గేటు దగ్గరే ఆపి, అంతా విన్నాడు. ఈసారి హాస్యం చెయ్యలేదు.

"చెప్పకు," అన్నాడు. "మాఘంలో ఏదో ఒక తిథి చెప్పెయ్. జ్వరమే అను. ఈ వయసులో తన వల్లే తల్లి పోయిందని ఆవిడ కుమిలిపోవడం నేను చూడలేను."

"ఏదో ఒకటి చెప్పడానికైతే నాకంటే ముందు నాయనమ్మ చెప్పింది కదా బావా."

"ఆవిడకేమన్నా అయితే పూచీ నీదే."

నాకు భయమేసింది. నిజంగా భయమేసింది. గేటు దగ్గర్నుంచే గుడివాడ బస్సుకి వెళ్ళిపోదామని కూడా అనిపించింది. కానీ అడిగింది ఆవిడ. తల్లి ఆవిడది. దాచడానికి మేమిద్దరం ఎవరం?

అత్తయ్య వసారాలో కూచుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. పక్కన కూచుని తిథి చెప్పాను. ఆ తిథి ఇక్కడ రాయను, అది ఆవిడది. రెండుసార్లు తనలో తను అనుకుని కంఠతా పట్టింది.

"నేను పుట్టింది కూడా మాఘంలోనేనని పిన్ని అనేది," అంది.

"అవునత్తయ్యా. నువ్వు పుట్టిన మర్నాడే."

చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. "పురుట్లోనా?"

"పురుట్లోనే."

"రెండేళ్ళు కాదా?"

"కాదు. నిన్నెవరూ ఒక మాట అనకూడదని నాయనమ్మ అలా చెప్పింది."

బావ మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని ఆవిడ పక్కకి వచ్చి నిలబడ్డాడు. నావైపు చూసిన చూపు మంచిది కాదు. అత్తయ్య చేతిలో కాయని ఈనె తియ్యకుండానే పళ్ళెంలో పడేసింది. చెయ్యరాని పని చేశాననుకున్నాను.

"ఒక్కరోజు పిల్లకి ఏం గుర్తుంటుందే?" అంది.

"ఏమీ ఉండదత్తయ్యా. ఎవరికీ ఉండదు."

"అయితే మా అమ్మని నేను మర్చిపోలేదన్నమాట."

ఆవిడ కొడుకు వైపు తిరిగి, అతనికి వినపడలేదేమో అన్నట్టు, నెమ్మదిగా మళ్ళీ చెప్పింది.

"మర్చిపోలేదురా."