బెంగళూరు నుంచి చూస్తున్నది ఎవరు

రెండు వేల దశకంలో, మా తెలుగు కుటుంబాల పెళ్ళి సంబంధాల కోసం తమిళనాడులోని ధర్మపురి నుంచి నేనొక వెబ్‌సైటు నడిపేవాణ్ణి. మాటలు తెలుగు, అక్షరాలు తమిళం. మాలో తెలుగు చదవగలిగినవాళ్ళు ఎంతమంది గనక! అందులో మా అక్కకూ ఒక పేజీ పెట్టాను. బెంగళూరు సంబంధం ఒకటి వస్తే, వాళ్ళకు ఆ పేజీ చూడమని చెప్పాం. ఆ తరవాత ఉలుకూ పలుకూ లేదు.

మాలో అంతే. మగపెళ్ళివారు నచ్చిందో లేదో వెంటనే చెప్పరు, గుట్టుగా విచారించుకుంటారు. ఆడపిల్ల తరఫువాళ్ళు ఎదురు అడిగితే చులకన. నాయనకేమో నిద్ర పట్టడం లేదు.

ఏ పేజీని ఏ ఊరి నుంచి, ఏ వేళకు చూశారో చెప్పే సేవ ఒకటి ఉండేది. దాని నివేదికను మనం బ్రౌజరులో తెరిచి చూసుకోవాల్సిందే. ఒక ప్రోగ్రాము అడిగి తెచ్చుకోవడానికి ఆ మహానుభావులు దారే పెట్టలేదు. పెట్టకపోతే ఊరుకుంటానా? బొత్తాం నొక్కినప్పుడు బ్రౌజరు వాళ్ళకేం పంపుతోందో పట్టుకుని, అచ్చం అదే నా ప్రోగ్రాము చేత పంపించాను. అది తనే లాగిన్ అయ్యి, పొద్దునకల్లా నివేదిక దించి పెట్టేది. వాళ్ళు సైటులో ఏదైనా మార్చినప్పుడల్లా చతికిలబడేది. తిట్టుకుంటూ మళ్ళీ బాగుచేసేవాణ్ణి. నిజం చెప్పాలంటే, నా పనితనం చూసి నాకే మహా గర్వంగా ఉండేది.

"నిన్న చూసినారా?" అని నాయన కాఫీ తాగుతూ అడిగేవాడు.

"చూసినారు నాయనా. బెంగళూరు నుంచే."

ఆయన ముఖం విప్పారేది. హరూర్‌లో బంధువులకు అప్పుడే చెప్పేశాడు కూడా.

అక్క హోసూరులో టీచరు. శనివారం ఇంటికొచ్చింది. నాయన ఆగలేకపోయాడు. "ఆ బెంగళూరు మాప్పిళ్ళ ఇంటోళ్ళు దినామూ నీ పేజీ చూస్తా ఉండారమ్మా."

అక్క నా వైపు తిరిగింది. "ఏ వేళకి?"

"సాయంత్రం, ఐదు దాటినాక."

"అది నేను. స్కూల్లో కంప్యూటర్ మీద."

హోసూరు నెట్టు బెంగళూరు మీదుగా వస్తుందనీ, అందుకే నివేదికలో బెంగళూరు అని పడుతుందనీ అప్పటికిగానీ నాకు తట్టలేదు.

"నీ పేజీ నువ్వే ఎందుకమ్మా చూసుకునేది?" అన్నాడు నాయన.

"తీసేసినారేమో అని."

"తీసేయమని ఎవురు చెప్పినారు?"

"నేనే. నాకిప్పుడు పెండ్లి వద్దు, ఆ పేజీ తీసేయండని మీ ఇద్దరికీ చెప్పినాను."

చెప్పింది. ఆ పేజీ పెట్టిన రోజే, ఇదే గదిలో చెప్పింది. ఆడపిల్లలందరూ అనే మాటే కదా అని మేమిద్దరం నవ్వేశాం. నాయన చేతిలో కాఫీ చల్లారిపోతోంది, తాగడం లేదు.

"తీసెయ్‌రా" అన్నాడు చివరికి.

నేను కంప్యూటరు ముందు కూర్చున్నాను. అక్క వచ్చి నా వెనకాల నిలబడింది. పేజీ పోయిందని చెప్పినా కదల్లేదు.

"ఇంకోసారి తెరిచి చూపించు" అంది.